పేంచ్ ఎప్పుడు వేయాలి

సంక్రాంతి దగ్గరపడేసరికి హైదరాబాద్ పాతబస్తీలోని శాలిబండ, గౌలిపురా, లాల్‌దర్వాజ డాబాల మీద జనం పొద్దున్నే ఎక్కి కూర్చుంటారు. కింద రోడ్డు మీద నిలబడి చూసేవాళ్లకు ఎవరి మాంజా పదునైతే వాళ్లు గెలిచినట్టు అనిపిస్తుంది. పతంగి చేతిలో ఉన్నవాళ్లకు తెలుసు, దారాలు తగలకముందే సగం పేంచ్‌లు, అంటే దారంతో దారాన్ని కోసే పోరాటాలు, తేలిపోయి ఉంటాయని. ఎవరితో పెట్టుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఎప్పుడు మీదికి పోవాలి అన్న లెక్క తెలిసినవాడినే పాతబస్తీలో ఆటగాడంటారు.

ఈ లెక్కంతా దారం నడకలో ఉంది. నూలు దారానికి గంజి, రంగు, మెత్తటి గాజుపొడి పట్టిస్తే మాంజా అవుతుంది. దారం పరుగెడుతుంటేనే ఆ గాజు కోస్తుంది. బిగుసుకుని ఒకేచోట నిలిచిపోయిన దారం తెగుతుంది. అందుకే పేంచ్ వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఎదుటివాడి దారం మీద మన దారం వేసి గాలికి వదులుతూ పోవడం ఢీల్. కిందినుంచి తగిలించి ఒక్క ఊపున లాక్కోవడం ఖీంచ్. పెద్ద పతంగి గాలిని బాగా పట్టి దారాన్ని తనే లాక్కుపోతుంది కాబట్టి ఢీల్‌కి దానిదే పైచేయి. చిన్నది చురుకైంది, తల ఎటు తిప్పితే అటు దూకుతుంది, ఖీంచ్‌కి పనికొస్తుంది. చిన్న పతంగి పట్టుకుని పెద్దదానితో ఢీల్‌కి దిగితే దారం ముందుకు సాగదు, ఉన్నచోటే రాసుకుని తెగిపోతుంది. అదే చిన్నది కిందినుంచి దూరి లాగిందంటే పెద్ద పతంగివాడు దారం చుట్టిన చరఖ్ వదలమని అరిచేలోపే అంతా అయిపోతుంది.

దీనికి డాబాల లెక్క కూడా తోడవుతుంది. మనకు జనవరిలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. తూర్పు డాబావాడి దారం పడమటి డాబాల మీదుగా పోవాల్సిందే. పతంగి దగ్గరి భాగమే మాంజా, వెనకాలంతా సాదా దారం. పడమటివాడు ఓపిక పట్టి ఆ సాదా దారం తన నెత్తి మీదికి వచ్చేదాకా ఆగాడా, ఇక పోరాటమే ఉండదు. తగలగానే తెగుతుంది, పతంగితో పాటు ఆ దారమంతా పోతుంది. తెలిసిన తూర్పువాడు పతంగిని అంత దూరం పోనివ్వడు. దగ్గర్లోనే ఎత్తుగా నిలిపి, కింద ఎవరైనా కొత్తగా లేపుతుంటే పైనుంచి దిగుతాడు.

మా పక్క డాబా మీద ఒక చాచా ఉండేవారు. చూపుడు వేలికి రెండు చుట్లు టేపు, చరఖ్ మనవడి చేతిలో. ఆయన పతంగి చాలాసేపు ఎవరి జోలికీ పోయేది కాదు. కుర్రవాళ్ల పతంగులు చుట్టూ తిరిగి కవ్విస్తుంటే దాన్ని కాస్త పక్కకు జరిపేవారు, అంతే. మనవడు ఆగలేక ఎగిరిపడుతుంటే, ‘రుక్ బేటా, హవా ఆనే దే’ అనేవారు. నేను ఆయన పతంగిని కాకుండా వేలినే చూసేవాణ్ని. గాలి పెరిగేటప్పుడు దారం ఆ టేపు మీద సన్నగా అదిరేది. అప్పుడు చేతిని ముందుకు చాచేవారు, మనవడి చేతుల్లో చరఖ్ గిర్రున తిరిగేది, ఎక్కడో పైన ఎవరిదో పతంగి తోక జాడించినట్టు ఊగి కొట్టుకుపోయేది. పక్క డాబాల నుంచి ‘అఫా’ అని కేకలు. ఆ ఆగడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుందని నా నమ్మకం. లాగడం ఎవరైనా నేర్పుతారు.

ఈ విద్యే ఇంకో రూపంలో వీడియో గేమ్ షాపుల్లో బతుకుతోంది. 2019లో లాహోర్ కుర్రాడు అర్సలాన్ ఆష్ ఫిబ్రవరిలో జపాన్‌లో, ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఈవో టోర్నమెంట్లు రెండూ టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్‌లో గెలిచాడు. అతని ఆట చూడండి. ఒక అడుగు వెనక్కి వేసి, ఎదుటివాడి దెబ్బ గాల్లో పోయేలా చేసి, ఆ సందులో కొడతాడు. ఏ పాత్ర చెయ్యి ఎంత దూరం వస్తుంది, ఏది తొందరగా తేరుకుంటుంది అన్నది మనసులో లేకపోతే ఆ అడుగు ఎక్కడ వేయాలో తెలియదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ గేమ్‌లోకి లీరాయ్ అనే కొత్త పాత్ర వచ్చింది. మరుసటి నెలలోనే జరిగిన ఈవో జపాన్‌లో చివరి ఎనిమిది మందిలో ఆరుగురు అతన్నే ఎంచుకున్నారు. అంత బలం ఒక్కచోటే ఉంటే ఎవరి మీద ఎవరిని దించాలో చూసుకునే పనేముంది? తయారీదారులు తర్వాత అతని బలం తగ్గించారు.

మన ఆకాశంలోకి వచ్చిన లీరాయ్ చైనా మాంజా. నైలాన్ దారం, లాగినా తెగదు. అది చేతిలో ఉన్నవాడు గాలి చూడడు, పతంగి చూడడు, ఎవరి మీదికైనా ఎప్పుడైనా పోతాడు. ఆట పాడైందన్న బాధ నాకుంది, కానీ అంతకంటే పెద్ద సంగతి ప్రాణాలది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నైలాన్, సింథటిక్ మాంజాను నిషేధించింది. అయినా 2024 జనవరిలో లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న సైనికుడు గొంతుకు మాంజా చుట్టుకుని చనిపోయాడు. చెట్లకు, కరెంటు తీగలకు చిక్కుకున్న ఆ దారం కుళ్లదు, పండగ అయిపోయాక కూడా పక్షుల రెక్కలు కోస్తూనే ఉంటుంది.

గుల్జార్‌హౌజ్‌లోనో ధూల్‌పేటలోనో చరఖ్ కొనేటప్పుడు దుకాణంవాడి మాట మీద వదిలేయకండి. జానెడు దారం అడిగి తీసుకుని అగ్గిపుల్లతో అంటించండి. నూలైతే మండి బూడిదవుతుంది, నైలానైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఉండ కట్టిన చరఖ్‌ను అక్కడే తిరిగి ఇచ్చేసి, పిల్లలకు కూడా ఈ పరీక్ష నేర్పండి.