ముందు చెవి, తర్వాత స్క్రూడ్రైవర్

ఇంట్లో కంప్యూటర్ రొద పెట్టడం మొదలెట్టగానే మా కోనసీమలో చాలామంది చేసే పని ఒకటే. వైర్లన్నీ పీకేసి, సీపీయూని బండి మీద పెట్టుకుని అమలాపురమో రాజోలో బయల్దేరతారు. లంక ఊళ్ళవాళ్ళయితే మధ్యలో పడవో పంటో ఎక్కాలి. తీరా షాపులో స్విచ్ వేస్తే చప్పుడు రాదు. ‘‘బాగానే ఉంది కదండీ’’ అంటాడు కుర్రాడు. ‘‘ఇంట్లో వచ్చిందండి, ఆయ్’’ అంటాం మనం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. దారి కుదుపులకి ఫ్యాను రెక్కకి తగులుతున్న వైరు పక్కకి జరిగి ఉండొచ్చు. పొద్దున్న చలికి మూలిగిన ఫ్యాను మధ్యాహ్నపు వేడికి సర్దుకుని ఉండొచ్చు.

అందుకే చప్పుడుని పుట్టిన చోటే వినాలంటాను. స్విచ్ వేయగానే వచ్చి కాసేపటికి తగ్గుతోందా? పిల్లలు ఆట పెట్టినప్పుడే పెరుగుతోందా? కరెంటు పోయిన క్షణంలోనే వస్తోందా? చివరిదైతే అది కంప్యూటరు కూత కాదు, పక్కనున్న యూపీఎస్‌ది. కూత గబగబా పడుతోందంటే బ్యాటరీ అయిపోవచ్చిందని.

వేళ తెలిశాక చోటు. చదివేశాక ఈ పేపరునే గొట్టంలా చుట్టండి. ఒక చివర చెవి దగ్గర, రెండోది పెట్టె వెనకా పక్కనా ఒక్కో చోట ఆనించి వినండి. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు కాగితాల్ని ఇలాగే చుట్టి రోగి ఛాతీకి ఆనించాడు. స్టెతస్కోప్ పుట్టింది అలాగే. పెట్టె పక్క రేకు తీసి వినేటప్పుడు మాత్రం పైట కొంగూ జడా ఫ్యానుకి దూరంగా ఉండాలి.

ఎక్కువసార్లు దొరికేది ఫ్యానే. కొబ్బరి పీచు పొడి, దేవుడి గదిలోంచి వచ్చే అగరొత్తి మసి, వీటన్నిటినీ ముద్దగా పట్టి ఉంచే సముద్రపు తేమ. ఈ మూడూ కలిసి ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల సందుల్లో దళసరి పొరలా పేరుకుంటాయి. వేడి బయటికి పోదు. చల్లబరచాలని ఫ్యాను ఇంకా గట్టిగా తిరుగుతుంది, అదే ఆ హోరు. ప్లగ్ తీసి, మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలావరకు తగ్గుతుంది. బ్లోయర్ కొడితే రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టాలి. వదిలేస్తే ఆ గాలికి ఫ్యాను తిరగాల్సిన వేగం కన్నా మించి తిరిగి బేరింగు పాడవుతుంది.

పొద్దున్నే గరగరమని, వేడెక్కాక ఊరుకునే ఫ్యానుకి బేరింగులో నూనె అయిపోయింది. ఇక్కడ మనవాళ్ళ చెయ్యి కొబ్బరినూనె సీసా మీదకి పోతుంది. వద్దు. పుష్యమాసంలో సీసాలో ఆ నూనె పేరుకోవడం మనకి తెలియనిది కాదు. 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది, పైగా రోజులు గడిచేకొద్దీ జిగురై దుమ్ముని పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. అదీ కొన్నాళ్ళకే, కొత్త ఫ్యాను కొనేదాకా గడపడానికి.

తెర వెలగకుండా కుయ్ కుయ్ మంటూ కూతలొస్తే ర్యామ్‌ని అనుమానించాలి. ఎన్ని కూతలకి ఏ అర్థమో మదర్‌బోర్డుని బట్టి మారుతుంది, దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఈ బాధ ఎక్కువ. ర్యామ్ అంచున మెరిసే పట్టీలకి పొర పడుతుంది. ప్లగ్ తీసి, పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, గట్టిగా నొక్కి పెడితే మళ్ళీ లేచి కూర్చున్న కంప్యూటర్లు ఎన్నో.

సన్నగా కీచుమనే శబ్దం కాయిల్స్ వణుకు, దాంతో ప్రమాదం లేదు. కానీ స్పీకర్లలో గుయ్యిమని, పెట్టెని ముట్టుకుంటే చురుక్కుమంటే ఎర్తింగ్ సరిగా లేదని. అది కంప్యూటర్ మెకానిక్ పని కాదు, ఎలక్ట్రీషియన్ని పిలవాలి, అదీ ఈ వారమే. కంప్యూటరుకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లోంచి చిటపటలూ మాడువాసనా వస్తే గోడ దగ్గరే స్విచ్ ఆపేయండి. దాన్ని మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు.

నాకు భయం కలిగించే చప్పుడు ఒక్కటే, హార్డ్ డిస్క్ కొట్టే టక్... టక్... టక్. ఫైళ్ళు రాసేటప్పుడు వచ్చే చిన్న గరగర మామూలే. ఇది అలా కాదు. సమాన వ్యవధిలో వస్తుంది, అప్పుడు కంప్యూటర్ కదలకుండా నిలిచిపోతుంది. లోపల పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటే, దాని మీద చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. రెంటి మధ్య ఎడం వెంట్రుక మందంలో పదివేల వంతు ఉంటుందేమో. చదవలేకపోయిన ప్రతిసారీ ఆ ముల్లు వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్తుంది, అదే ఆ టక్కు. కేబుల్ వదులైనా వస్తుంది కాబట్టి ఒక్కసారి ఆపి, బిగించి చూడండి. ఆగకపోతే ఇక ప్రయోగాలు చాలు. డిస్క్ ఇంకా తెరుచుకుంటుంటే మళ్ళీ దొరకని వాటిని ముందు కాపీ చెయ్యండి: జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫొటోలు, కువైట్ వెళ్ళేముందు అబ్బాయి పెళ్ళి వీడియో, మామ్మగారి గొంతు. సినిమాలు ఆఖర్న. తెరుచుకోకపోతే ఆపేసి, డేటా తీసేవాళ్ళకి ఇవ్వాలి. మూత విప్పితే ఒక్క దుమ్ము కణం చాలు నాశనానికి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పేవాళ్ళున్నారు. మన తేమకి బయటికి తీసిన నిమిషంలో దాని మీద నీరు పడుతుంది.

ఇప్పుడు కొత్త కంప్యూటర్లలో ఎస్ఎస్‌డీలు వస్తున్నాయి. తిరిగేదేమీ లేదు, చప్పుడూ లేదు. పోయే ముందు మన చెవికి ఏ కబురూ చెప్పవు. అందుకే మా ఇంట్లో సంక్రాంతి సెలవుల్ని గడువుగా పెట్టుకున్నాం. పిల్లలొచ్చినప్పుడు ఏడాది ఫొటోలన్నీ రెండు బయటి డిస్కుల్లోకి ఎక్కిస్తారు. ఒకటి బీరువాలో ఉంటుంది, రెండోది వాళ్ళతో హైదరాబాద్ వెళ్తుంది.