సెంట్రింగ్ విప్పే ప్రొటీన్లు

చురుగ్గా పెరిగే ఈస్ట్ కణం ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములను నిమిషానికి దాదాపు 2,000 కట్టుకుంటుంది. ఒక్కోదానిలో 4 ఆర్‌ఎన్‌ఏలు, 79 ప్రొటీన్లు. ఇవన్నీ ఒకచోట చేరినంత మాత్రాన రైబోజోము కాదు. పని జరుగుతున్నంతసేపూ వచ్చి చేయందించి వెళ్లిపోయే సహాయక ప్రొటీన్లు సుమారు 200 ఉన్నాయి. పూర్తయిన రైబోజోములో వాటిలో ఒక్కటీ మిగలదు.

నన్ను అబ్బురపరిచేది ఆ వెళ్లిపోవడమే. స్లాబు పోశాక సెంట్రింగ్ తొందరపడి విప్పితే స్లాబు కూలుతుంది, విప్పకుండా వదిలేస్తే కింద కాపురం ఉండలేం. రైబోజోముకున్న రెండు భాగాల్లో పెద్దదాని విషయంలో ఆ పని ముఖ్యంగా మూడు అణుయంత్రాలది: రిక్స్7, రియా1, డీఆర్‌జీ1. మూడూ కణ ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి, ఆ శక్తితో సహాయక ప్రొటీన్లను ఊడదీస్తాయి.

వీటిలో రియా1 మహాకాయం. 4,910 అమైనో ఆమ్లాల గొలుసు. ఈస్ట్‌లో ఇంతకన్నా పెద్ద ప్రొటీన్ లేదు. ఆరు ఖండాలు ఉంగరంలా అమరి ఉంటాయి, అందులోంచి పొడవాటి తోక సాగుతుంది. కేంద్రకాంశంలో వైటీఎమ్1 అనే సహాయక ప్రొటీన్‌ను, ఆ తర్వాతి దశలో ఆర్‌ఎస్ఏ4 అనే మరోదాన్ని అదే తొలగిస్తుంది. ఏటీపీ అందిస్తే ఆర్‌ఎస్ఏ4 ఊడి వస్తుందని జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఎడ్ హర్ట్ బృందం 2009లో చూపించింది. ఇక్కడ సమయం ఎంత కీలకమో చూడండి. నాలుగు ఆర్‌ఎన్‌ఏల్లో ఒకటైన 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ తన ప్రొటీన్లతో కలిసి మొదట తిరగబడిన దిశలో కూర్చుంటుంది, తర్వాత దాదాపు 180 డిగ్రీలు తిరగాలి. రియా1 ఎక్కి ఉన్న నిర్మాణాల్లో ఆ మలుపు పూర్తయి కనిపిస్తుంది. అంటే ఊడదీయడంలోనే తనిఖీ కూడా ఇమిడి ఉందని నాకనిపిస్తుంది.

కేంద్రకం దాటి బయటికి రాగానే డీఆర్‌జీ1 అందుకుంటుంది. అది ఆర్‌ఎల్‌పీ24 అనే సహాయక ప్రొటీన్‌ను తీసేస్తేనే అక్కడ ఉండాల్సిన అసలు రైబోజోము ప్రొటీన్‌కు చోటు దొరుకుతుంది. డయాజాబోరిన్ అనే మందు ఈ యంత్రాన్ని స్తంభింపజేస్తుంది.

క్షణాల్లో చేతులు మారే ఈ పనిని పట్టుకోవడం ఎలా? ఒక సహాయక ప్రొటీన్‌కు జన్యువులోనే గుర్తు తగిలిస్తారు. ఆ గుర్తును పట్టి లాగితే, దాన్ని అంటిపెట్టుకున్న సగం కట్టిన రైబోజోము కూడా వస్తుంది. యంత్రాన్ని జన్యుమార్పుతోనో మందుతోనో ఆపితే, ఆ మెట్టు దగ్గర ఆగిపోయినవే పోగవుతాయి. వాటిని గడ్డకట్టించి క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఓపిక నిండిన ఈ పద్ధతే మనకు ఒక్కో మెట్టునూ చూపించింది.

చివరి మెట్లలో తొలగాల్సిన సహాయక ప్రొటీన్ టిఫ్6. అది అతుక్కుని ఉన్నంతకాలం పెద్ద భాగంతో చిన్న భాగం కలవదు. దాన్ని వదిలించేవి ఎస్‌డీఓ1, ఈఎఫ్ఎల్1 అనే ప్రొటీన్లు. ఎస్‌డీఓ1కు మనిషిలో ఉన్న జోడీ ఎస్‌బీడీఎస్. ఆ జన్యువు దెబ్బతింటే క్లోమాన్నీ ఎముక మజ్జనూ బాధించే ష్వాక్‌మన్-డైమండ్ వ్యాధి వస్తుంది. ఎస్‌డీఓ1 లేని ఈస్ట్ అతికష్టం మీద పెరుగుతుంది. టిఫ్6 పట్టు సడలించే జన్యుమార్పు వస్తే తేరుకుంటుంది. కొందరు రోగుల రక్తకణాల్లోనూ టిఫ్6కు మానవ జోడీ అయిన ఈఐఎఫ్6 జన్యువులో అలాంటి మార్పులే వాటంతటవే తలెత్తి, ఆ కణాలకు ఊరటనిచ్చినట్టు తేలింది.