తుంగభద్ర మీద గుండ్రటి పడవ

కర్నూలు పాత పేరు కందెనవోలు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. బండి దాటాలంటే ఏటిలో నీళ్లు తగ్గాలి. నీళ్లున్న రోజుల్లో మనుషుల్ని దాటించింది పుట్టి. అరిగోలు అన్నా అదే.

1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఈ ఏటి మీదే పుట్టిని చూశాడు. బుట్టలా అల్లి పైన తోలు కప్పారని, పదిహేను ఇరవై మంది పడతారని, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటుందని రాశాడు. ఇప్పుడు తోలు పోయి తారు పూసిన పట్టా వచ్చింది. తిరగడం మాత్రం మానలేదు.

మానదు కూడా. పుట్టికి ముందూ వెనకా లేవు, అడుగున నీటిని కోసుకుపోయే వెన్నుకర్ర లేదు. ఒక పక్క తెడ్డు వేస్తే గిర్రున తిరుగుతుంది. తెరచాప కడితే గాలికి కొట్టుకుపోతుందే తప్ప దారికి రాదు.  

అందుకే పుట్టివాడు పడవను వెనక నుంచి తోయడు. పోవలసిన వైపు అంచున కూర్చుని, తెడ్డు ముందుకు చాచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి నీటిని తన వైపుకు లాక్కుంటాడు. కుడి లాగుడుకు తిరిగినంత ఎడమ లాగుడుకు వెనక్కి తిరగాలి. ఆ లెక్క చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంకో నేర్పు ఒడ్డునే ఉంది: పుట్టిని ఎత్తుకుని రేవుకు బాగా ఎగువకు నడిచి అక్కడ నీళ్లలో దించుతాడు. ఏరు దిగువకు ఈడ్చుకుపోయేలోగా అవతలి రేవు అందుతుంది. ప్రవాహంతో పోట్లాడకుండా దాన్నే పనికి పెట్టుకోవడం నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ ఇదే తుంగభద్ర మీది సుంకేశుల నుంచి కడప దాకా కాలువ తవ్వించింది. సాగుతో పాటు పడవల రాకపోకలకూ అనుకున్న కాలువ అది.  అలాంటి కాలువలో తిరిగే పొడుగు పడవలకు లోతు కావాలి, మెట్టు వచ్చిన చోట లాకులు కావాలి. పుట్టికి జానెడు నీళ్లు చాలు. బండరాయి తగిలినా వెదురు బద్దలు వంగి జారిపోతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్లు తేలి కనిపించే మా ఏళ్లకు ఇంతకన్నా తగిన పడవను నేను ఊహించలేను.

అలాగని మోసపోకూడదు. ఒక్కరు చటుక్కున లేచి నిలబడితే అంచు నీళ్లలో మునుగుతుంది. పట్టాకు మొనదేలిన రాయి గీరుకుంటే చిరుగుతుంది. వరదలో సుడికి చిక్కితే తెడ్డు పనిచేయదు. ఎక్కినవాళ్లు అడుగున చుట్టూ సర్దుకుని కూర్చోవాలి, బరువు పుట్టివాడికి ఎదురుగా ఉండాలి. అతను చాలన్నాక ఇంకొకరిని ఎక్కించమని బతిమాలడం ప్రాణాలతో ఆట.

దాటాక పుట్టిని గట్టు మీద బోర్లిస్తారు. తోలు రోజుల్లో అలా ఎండబెట్టకపోతే తోలు కుళ్లిపోయేది.