ఓర్చుకునేవాడి వాటా

ఎడ్ నార్టన్ పియానో ముందు కూర్చున్నాడు. ఏ పాట వాయించమన్నా సరే, ముందు ‘స్వానీ రివర్’ ఓ ముక్క వాయిస్తే గాని అతనికి చెయ్యి తిరగదు. అమెరికా టీవీ హాస్య సీరియల్ (సిట్‌కామ్) ‘ది హనీమూనర్స్’లో 1956లో ప్రసారమైన ఎపిసోడ్ ఇది. టీవీ క్విజ్‌లో పాటల పోటీకి వెళ్లబోతూ బస్సు డ్రైవర్ రాల్ఫ్ లోకంలో ఉన్న పాటలన్నీ బట్టీ పడుతున్నాడు. పై వాటాలో ఉండే నార్టన్ సాయానికి వచ్చాడు. నార్టన్ ఉద్యోగం న్యూయార్క్ మురుగు కాలువల్లో. ప్రతి పాటకీ ముందు అదే ముక్క. రాల్ఫ్ పళ్లు బిగపట్టి, కళ్లు ఉరిమి, చివరికి గావుకేక పెడతాడు. అదేదో నార్టన్ తిక్క అనుకుని మనం నవ్వేసి ఊరుకుంటాం. తీరా పోటీ రోజున మొదటి ప్రశ్నకి వినిపించిన పాట అదే. రాసిందెవరు? రాల్ఫ్‌కి నోరు ఎండిపోయింది. ‘ఎడ్ నార్టన్’ అన్నాడు.

పక్కపాత్ర విద్య అంతా ఈ ఇరవై అయిదు నిమిషాల్లో కనిపిస్తుంది. కథకి పనికిరానట్టున్న ఒక అలవాటు, అది మళ్లీ మళ్లీ రావడం, విసుగు పుట్టేలోపు ఇంకో కేక, ఆఖర్న ఆ పనికిరాని అలవాటే కథని పడగొట్టడం. నార్టన్‌గా వేసిన ఆర్ట్ కార్నీ ఓ సంతకం పెట్టాలన్నా చేతులు గాల్లో తిప్పి తిప్పి గాని కలం కాగితానికి ఆనించడు. ఆ చేతుల తిప్పుడు ఒక్కటే చూడండి, రెండో నిమిషానికి చప్పబడుతుంది. పక్కన రాల్ఫ్‌గా వేసిన జాకీ గ్లీసన్ మొహం ఎర్రబడుతూ ఉంటేనే అది పండుతుంది. నవ్వు తిప్పేవాడి చేతిలో సగం, చూస్తూ ఉడికిపోయేవాడి మొహంలో సగం. కార్నీకి ఈ పాత్ర అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలు తెచ్చింది. గ్లీసన్‌కి జన్మలో ఒక్క ఎమ్మీ రాలేదు.

మన బుర్రకథ చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. హాస్యం చెప్పే వంతకి చోటివ్వాలంటే కథకుడు తంబురా ఆపి, వాడి మాట వినాలి. విన్నట్టు నటించడం కాదు, నిజంగానే వినాలి. అమెరికా వేదికల మీద ఇలా విని, ఓర్చి, ఎదుటివాడికి దారిచ్చేవాణ్ణి స్ట్రెయిట్ మ్యాన్ అంటారు. సిట్‌కామ్‌కి ఆ పని మరీ అవసరం కావడానికి కారణం దాన్ని తీసే పద్ధతిలోనే ఉంది. 1951లో ‘ఐ లవ్ లూసీ’ కోసం డెసీ ఆర్నాజ్, ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కలిసి మూడు కెమెరాలతో, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, ఫిల్మ్ మీద తీసే ఏర్పాటు చేశారు. జనం నవ్వితే నటుడు ఆగాలి. నవ్వు పెరుగుతుండగా మాట అందుకుంటే మాట మునిగిపోతుంది, పూర్తిగా చల్లారాక అందుకుంటే సీను మునిగిపోతుంది. నవ్వు శిఖరం దాటి దిగడం మొదలెట్టిన క్షణంలో అందుకోవాలి. ఆ ఆగిన మూడు నాలుగు సెకన్లూ కెమెరాకి ఏం పని? వింటున్నవాడి మొహమే. అందుకే మంచి పక్కనటుడికి మాట ఎంత బరువో, మాట లేనప్పటి మొహం అంతకు రెట్టింపు బరువు.

ఎదుటివాడికి దారివ్వడం ఎంత పెద్ద నిర్ణయమో తెలియాలంటే మేబెరీ వెళ్లాలి. ఉత్తర కరోలినాలో లేని ఊరు అది, 1960లో మొదలైన ‘ది యాండీ గ్రిఫిత్ షో’ కోసం పుట్టింది. ఊరి షెరీఫ్ యాండీ, అతని డిప్యూటీ బార్నీ ఫైఫ్. మొదట హాస్యం యాండీ గ్రిఫిత్‌దే అనుకున్నారు. పక్కన బార్నీగా డాన్ నాట్స్ చేస్తున్నది చూసి గ్రిఫిత్ తనే తగ్గాడు. తన పేరున్న షోలో తను కుర్చీలో వెనక్కి వాలి చూసేవాడైపోయాడు. బార్నీకి తుపాకీ ఉంది కానీ తూటా ఒక్కటే, అదీ చొక్కా జేబులో. తుపాకీలో పెట్టాడా, నేలకో కప్పుకో పేలిపోతుంది. యాండీ చెయ్యి చాపుతాడు, బార్నీ తూటా తీసి ఇచ్చేస్తాడు. ఆ చాపిన చెయ్యి లేకపోతే బార్నీ వట్టి గావరా మనిషి. అది ఉంది కాబట్టి, ఒకరు ప్రేమగా కాచుకుంటున్న గావరా మనిషి అయ్యాడు. నాట్స్‌కి బార్నీ పాత్ర మీదే అయిదు ఎమ్మీలు. 1965లో షో వదిలిపోయి, తర్వాత అతిథిగా వచ్చిపోయినందుకు కూడా రెండొచ్చాయి. గ్రిఫిత్‌కి ఆ షోకి నామినేషన్ కూడా లేదు.

ఎమ్మీకి కళ్లు లేవని నేననను. ‘లూసీ’లో ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ లూసీ పిచ్చి పథకాలన్నీ భరించే పొరుగింటావిడే. 1954లో సహాయనటి ఎమ్మీ ఆమెకే ఇచ్చారు. ఆమె భర్త ఫ్రెడ్‌గా వేసిన విలియమ్ ఫ్రాలీ మాత్రం అయిదుసార్లు నామినేషన్ దాకా వచ్చి ఆగిపోయాడు. కానీ లెక్క మొత్తం మీద ఒక వైపే మొగ్గుతుంది. ‘మోడర్న్ ఫ్యామిలీ’లో ఆరుగురు పెద్దలూ మేం సహాయనటులమే అంటూ ఆ విభాగంలోనే నిలబడ్డారు. 2011లో సహాయనటుడి పోటీలో ఉన్న ఆరుగురిలో నలుగురు ఆ ఇంటివాళ్లే. చిన్నదానికీ పెద్దదానికీ ఊగిపోయే క్యామ్‌గా ఎరిక్ స్టోన్‌స్ట్రీట్‌కి రెండు ఎమ్మీలు, తన తెలివికి తనే మురిసిపోయి బొక్కబోర్లా పడే ఫిల్‌గా టై బరెల్‌కి రెండు. క్యామ్‌ని భరించే జెస్సీ టైలర్ ఫెర్గూసన్ అయిదుసార్లు, ఇంటిల్లిపాదినీ భరించే ఎడ్ ఓనీల్ మూడుసార్లు పోటీలోకొచ్చి ఖాళీ చేతులతో వెళ్లారు. ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’లో ప్రధాన పాత్రలు వేసిన పెద్దలు అయిదుగురు. కుర్చీలోంచి లేవకుండా కసురుకునే తండ్రి పీటర్ బాయిల్‌కి తప్ప మిగతా అందరికీ ఆ షోతో ఎమ్మీ వచ్చింది. బాయిల్ ఇంట్లోనూ ఒకటుంది లెండి, ‘ది ఎక్స్ ఫైల్స్’లో ఒక్క ఎపిసోడ్‌కి అతిథిగా వేసినందుకు.

ఇందులో కుట్రేమీ లేదు. నటుడు ఏడాది పనిలోంచి ఒకటో రెండో ఎపిసోడ్లు ఎంచి ఓటర్ల ముందు పెట్టడం చాలాకాలం అక్కడి రివాజు. ఒక్క ఎపిసోడ్‌లో పడేవాడు కనిపిస్తాడు. ఓర్చుకునేవాడి పని ఏళ్ల తరబడి పేరుకుంటుంది, ఒక ముక్క కోసి చూపిస్తే ఏమీ కనిపించదు.

ఆ పేరుకునే పని విలువ మన దగ్గర ‘అమృతం’ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2001 నుంచి నడిచిన ఆ సీరియల్‌లో అమృతరావు పాత్ర శివాజీ రాజా నుంచి నరేష్‌కీ, అక్కణ్ణించి హర్షవర్ధన్‌కీ మారింది. అమృతరావు ఆలోచనలన్నిటికీ బలైపోయే అంజి మాత్రం మొదటి నుంచి చివరిదాకా గుండు హనుమంతరావే. కథానాయకుణ్ణి మార్చినా ఇల్లు నిలబడింది. అంజిని మార్చి ఉంటే నిలబడేదని నేననుకోను.

ఇక పడటంలో మొనగాడి సంగతి. ‘ఫ్రేజర్’లో తమ్ముడు నైల్స్ అసలు మొదటి ఆలోచనలో లేడు. డేవిడ్ హైడ్ పియర్స్ పోలికలు ఫ్రేజర్‌గా వేసే కెల్సీ గ్రామర్‌కి దగ్గరగా ఉన్నాయని చూసి తమ్ముణ్ణి పుట్టించారు. వరసగా పదకొండేళ్లు నామినేషన్లు, నాలుగు ఎమ్మీలు. 1999 ఫిబ్రవరిలో వచ్చిన ‘త్రీ వాలంటైన్స్’ మొదట్లో అతను ఒక్క మాట లేకుండా ప్యాంటు ఇస్త్రీ చేసుకుంటాడు. వేలాడుతున్న దారం కత్తిరించబోయి వేలు తెగుతుంది, నెత్తురు చూసి మూర్ఛపోతాడు, లేస్తాడు, మళ్లీ చూస్తాడు, మళ్లీ పడతాడు. ఈలోపు ఇస్త్రీపెట్టె తన పని తను చేసుకుపోతుంది, గది మంటలదాకా వస్తుంది. ఇందులో గొప్ప ఏమిటంటే పియర్స్ ఎక్కడా తొందరపడడు. వేసే అడుగు ప్రతిదీ శుభ్రత కోసమే, అందుకే ఇల్లు తగలబడుతుంది.

ఆ ఇంట్లో ఓర్చుకునే పని జాన్ మహోనీది. ఖరీదైన సోఫాల మధ్య టేపు అతుకులేసిన పాత పడక్కుర్చీలో కూర్చుని, చదువుకున్న కొడుకులిద్దరి గోలనీ వినే రిటైర్డ్ పోలీసు మార్టిన్. ‘ఫ్రేజర్’కి మొత్తం 37 ఎమ్మీలు వచ్చాయి, మహోనీకి ఒక్కటీ లేదు. మార్టిన్ కుక్క ఎడ్డీ కూడా అంతే. నోరు మెదపదు. ఫ్రేజర్ ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూస్తుంది. ఫ్రేజర్ అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు, చూడొద్దని కసురుతాడు. అది చూస్తూనే ఉంటుంది.