చూపు వేరు, ఎంపిక వేరు

కొనువాని మనస్సు తెలిసికొనుటకై అతని చూపును కనిపెట్టు పద్ధతి నేడు వ్యాపార పరిశోధనలలో వాడుకలో నున్నది. కొనువానికి అడ్డు తగులకుండ కొలుచుటయే దీని గొప్ప యందురు. ఆ గొప్ప ఎంతవరకు నిజమో పరిశీలింతము.

19వ శతాబ్ది చివర ఎడ్మండ్ హ్యూయీ అను శాస్త్రజ్ఞుడు చదువరి కంటిపై ప్లాస్టర్ తొడుగు నమర్చి, దానికి తగిలించిన అల్యూమినియమ్ ముల్లుతో కంటి కదలికలను గీయించెను. 1901లో డాడ్జ్, క్లైన్ అనువారు కంటిని తాకకయే, కార్నియాపై ప్రతిఫలించు వెలుగును ఫోటో తీసిరి. నేటి యంత్రములు చాలవరకు ఈ దారినే నడచుచున్నవి. కంటికి కనబడని పరారుణ కాంతిని ముఖముపై ప్రసరింపజేసి, కనుపాప ఎచట నున్నదో, కార్నియాపై మెరుపు ఎచట నున్నదో పోల్చి, చూపు ఎటున్నదో లెక్కకట్టును. కొలత బాధించినపుడు మనిషి సహజముగా మెలగడు. కనుక ఇది నిశ్చయముగా మేలే.

కాని చూపు నిలిచినచోటనే ఇష్టము కూడ నిలిచిన దనుట తొందరపాటు. రష్యన్ శాస్త్రజ్ఞుడు యార్బస్ ఒక ప్రయోగమున రేపిన్ వర్ణచిత్రమును చూపించెను. అందలివారి వయస్సులు చెప్పుమన్నపుడు చూపు ముఖములపై తిరిగినది. దుస్తులు గుర్తుంచుకొమ్మన్నపుడు దుస్తులపై తిరిగినది. బొమ్మ ఒకటే; పని మారగా చూపు మారినది.

నూజివీడు మామిడి సీమలోని ఆగిరిపల్లిలో ఒక పండ్లకొట్టునందు ఇట్టి యంత్రము నుంచితి మనుకొందము. పచ్చగా మెరయు బంగినపల్లిపై చూపు రెండు సెకనులు నిలిచినది. ఇష్టపడియా? ధరకు వెరచియా? నిషిద్ధమైన కార్బైడుతో మగ్గవేసిరేమో యను అనుమానముననా? యంత్రము చెప్పలేదు. ప్రక్కనున్న చిన్నరసమును వాసన చూచి, వ్రేళ్లతో మెత్తదనము తెలిసికొని కొందురు. ఆ సమయమున చూపు మరెచటనో ఉండవచ్చును. ఏ పండు సంచిలో పడినదో చూచి, కారణ మడిగి, రెంటిని కలిపిననే చూపుల లెక్కకు అర్థము.

మరియొక ఆక్షేపణ కలదు. 'అడ్డు తగులకుండ' అనుట వేరు, 'తెలియకుండ' అనుట వేరు. కెమెరాను అరలో దాచి చూపును గ్రహించుట శాస్త్రము కాదు, పొంచి చూచుట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతికి ముఖ్యస్థాన మిచ్చినది. చెప్పినచో ప్రవర్తన మారునందురా? కెమెరా ఉన్నదని ముందే చెప్పి, ఏ పండును గూర్చిన పరిశోధనయో పిదప చెప్పవచ్చును.

తరగతిలో దీనిని పరీక్షింపవచ్చును. అట్ట నాలుగు మూలల నాలుగు పండ్ల బొమ్మలు అంటించి, నడుమ రంధ్రము చేసి, వెనుకనుండి తోటి విద్యార్థి కన్నులను గమనింపుడు. ముందుగా అతని అంగీకారము పొందుడు. 'ఏది ఇష్టము?' అని ఒకమారు, 'ఏది ఖరీదు?' అని ఇంకొకమారు అడుగుడు. చూపుల వరుస రెండుమారులు ఒకటిగానే ఉన్నదో, మారినదో వ్రాసికొనుడు.