కెరటం విరిగే చోటు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో, నువ్వలరేవు, మంచినీళ్లపేట, భావనపాడు వంటి ఊళ్లలో, వేటకు బయల్దేరేది చాలావరకు జెట్టీ మీంచి కాదు, ఇసుక మీంచే. ఎదురుగా విరిగే కెరటాలు, మధ్యన ఏ అడ్డుగోడా లేదు. ఇవాళ నావ దించాలా, మానాలా అని తేల్చే విద్యకు పేరు లేదు, పట్టా లేదు. అయినా మన తీరంలో దీన్ని మించిన విద్య మరొకటి లేదంటాను. నడిసంద్రంలో నిలదొక్కుకున్న నావ కూడా ఒడ్డుకు నూరు గజాల్లో బోల్తా పడగలదు. ఆ నూరు గజాలూ చదవగలిగినవాడే వేటగాడు.

లోతు తగ్గి తన ఎత్తుకు దగ్గరయ్యేసరికి అల నిలబడలేక విరుగుతుంది. అంచేత తెల్లటి నురగ లేచినచోట అడుగున ఇసుక మిట్ట ఉన్నట్టు. రెండు నురగల మధ్య నల్లగా, అణిగినట్టు కనిపించే నీరు లోతైన దారి. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పోయేదీ అటే. స్నానానికి దిగినవాణ్ణి లాక్కుపోయే ఆ దారినే జాలరి తన నావకు బాట చేసుకున్నాడు, ఎంత తెలివి! తుఫాను వెళ్లాకే కాదు, మామూలు రోజుల్లోనూ మిట్టలు జరుగుతుంటాయి కాబట్టి ఆ బాటను రోజూ కొత్తగా వెతుక్కోవాల్సిందే. ఆపైన లెక్క. అలలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని, వాటి వెనక కాస్త తెరిపి. ఆ తెరిపిలోనే తోయాలి. తిరిగి రావడం మరీ కష్టం: అల వీపు వెనకే రావాలి, దాన్ని దాటకూడదు, నావను అడ్డం తిరగనివ్వకూడదు. గాలి లేక, ఎండ కాస్తున్న రోజున కూడా అలకూ అలకూ మధ్య ఎడం పెరగడం చూసి, ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అలలు వస్తున్నాయని గ్రహించి నావ దించని పెద్దలున్నారు. వలనిండా చేప తెచ్చినవాడికంటే ముందు వీళ్లకే నా దండం. ఈ విద్యకు తోడుగా నిలిచింది తెప్ప. దుంగలు తాళ్లతో కట్టిన ఆ తెప్ప బోర్లాపడ్డా మునగదు. పూర్వం మదరాసులో దూరంగా లంగరేసిన ఓడలకు కెరటాలు దాటి ఉత్తరాలు అందించింది తెప్పవాళ్లేనట.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు, వాతావరణ శాఖ తుఫాను సూచనలు ఫోన్లోకే వస్తుంటే ఇదంతా ఎందుకంటారు కొందరు. వాటి విలువ కాదనలేం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. వందల కిలోమీటర్ల అవతల తిరుగుతున్న తుఫాను ఎంత అనుభవమున్న కంటికీ ఆనదు. హెచ్చరిక విని కూడా సంద్రానికి పోవడం తప్పే. అయితే ఆ హెచ్చరిక పొడవైన తీరభాగానికంతా కలిపి ఒక మాట చెబుతుంది, ఇవాళ మన వాడ ఎదుట మిట్ట ఎక్కడుందో చెప్పదు. ఇంత తెలిసినవాళ్లూ సముద్రంలో పోయారు కదా అనేది మరో మాట. పోయారు, నిజమే. అప్పు మెడమీద ఉన్నవాడు వద్దని తెలిసీ నావ దించుతాడు. ఆ తప్పు విద్యది కాదు.

ఒళ్లు మండేది ఇంజను మీద ధీమా చూసినప్పుడే. ఫైబర్ నావకు మోటారు బిగించి, అలల గుంపు చూడకుండా దూకించడాన్ని నేర్పు అనడం పచ్చి మోసం. మిట్టమీద మోటారు రెక్క ఇసుకకు తగిలి ఆగితే ఎన్ని గుర్రాల బలముండి ఏం లాభం? కుర్రాళ్లను మాత్రం అనలేం. బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి, హార్బరులోంచి కదిలే బోట్లలో పనిచేసేవాళ్లకు ఇసుక ఒడ్డు విద్య ఎక్కడ అబ్బుతుంది? మన తీరంలోనే 2023లో మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన జరిగింది, కానీ అది సరుకు ఓడలకు, వేట నావలకు కాదు. ఈ విద్య నేర్పడానికి వేళ మాత్రం ఉంది: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో మత్స్యశాఖ వాడకొక పెద్దను జీతమిచ్చి ఒడ్డున నిలబెట్టాలి, కుర్రాళ్లకు కెరటాలు చూపించమనాలి. నేర్పగలిగినవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు, వచ్చే వేసవికే మొదలుపెట్టండి.