ఒక రింగు, రెండు వేళ్లు

సిరిసిల్లలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు చాయ్ తాగుతూ గుసగుసగా అడిగేవారు: "మీ బాపు గట్ల నోరు సాగదీసి మాట్లాడుతడేంది?" బాపుకు ఆ గుసగుస వినపడేది కాదు గానీ అడిగినవాళ్ల పెదాలు మాత్రం కనపడేవి. "ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిన" అని జవాబు ఆయనే ఇచ్చేవాడు. చుట్టాల చేతిలో కప్పు ఆగిపోయేది.

మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలు అంటాం. ఒక్కో సాంచ నిమిషానికి నూరుసార్లకు పైగా నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు కొడుతుంది. అలాంటివి ఇరవయ్యో ముప్పయ్యో ఒకే రేకుల షెడ్డులో నడుస్తుంటాయి. ఎనిమిది గంటలు పనిచేసే చోట మోత 90 డెసిబెల్స్ దాటొద్దని ఫ్యాక్టరీల నిబంధనల్లో ఉంది. మా షెడ్లలో పని పన్నెండు గంటలు. ఇక డెసిబెల్స్ కొలిచే మిషన్ పట్టుకుని ఎవరైనా లోపలికి రావడం నేనైతే చూడలేదు.

ఆ మోతలో గొంతుతో పని లేదు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదాల దగ్గర వంచితే చాయ్. ఊరి సంగతులన్నీ పెదాల మీద నడిచేవి. సేటు వస్తున్నాడని చెప్పడానికి మాత్రం షెడ్డుకో సైగ ఉండేది. బాపు వాళ్ల దగ్గర పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పేవారు. ఆ సైగ తన పొట్ట గురించేనని సేటుకు తెలియదో, తెలిసీ ఊరుకున్నాడో!

అన్నం గిన్నె పట్టుకుని వెళ్లినప్పుడు నేను చూసిన వింత ఒకటుంది. కరెంటు పోయేది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగి, చెవులు గుయ్యిమనేంత నిశ్శబ్దం. అప్పుడు కూడా వాళ్లు కాసేపు గొంతు లేకుండా పెదాలు కదుపుతూనే ఉండేవారు. ఎవరో ఒకరికి సోయి వచ్చి పకపకా నవ్వితే గానీ మాటలు బయటపడేవి కావు.

బాపు ఈ విద్య నేర్చింది మహారాష్ట్రలోని భీవండిలో. మా ఊరి నుంచి ఎంతోమంది వెళ్లినట్టే పెళ్లికి ముందు ఆయనా వెళ్లాడు. షెడ్డులో మరాఠీవాళ్లు, ఉర్దూవాళ్లు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. "ఎవని భాషా ఎవనికి ఇనపడదాయె. రాకున్నా పని నడిచింది" అంటాడు. తొలి ఏడాదంతా చేతులతో నెట్టుకొచ్చాడట.

ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల ఆడవాళ్లూ ఇలాగే మాట్లాడుకున్నారు. వాళ్ల పద్ధతికి 'మీ-మాయింగ్' అని ఒక పేరు కూడా ఉంది. మిల్లు దాటి వీధుల్లోకి వచ్చాక కూడా, పైకి అనడానికి మొహమాటపడే రోగాల మాటలూ కాన్పుల మాటలూ వాళ్లు పెదాలతోనే చెప్పుకునేవారు. లెస్ డాసన్ అనే హాస్యనటుడు ఆడవేషం కట్టి టీవీలో దాన్ని దేశమంతటికీ చూపించాడు. మా సిరిసిల్ల విద్యకు పేరేంటని బాపును అడిగితే, "పేరేంది? సైగ జేస్తం, అంతే" అన్నాడు. నాకు కొంచెం ఉక్రోషమే వచ్చింది.

గొంతు లేని మాట మా ఇంట్లోనే ఇంకొకటి ఉండేది. అక్కను కోరుట్ల ఇచ్చాం. బావ దుబాయిలో. జగిత్యాల, కోరుట్ల వైపు దుబాయి బాట పట్టిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మా ఇళ్లలో సెల్‌ఫోన్లు వచ్చాయి, వాటి వెంటే మిస్డ్ కాలూ వచ్చింది. అక్క వేములవాడలో బస్సు మారి అత్తగారిల్లు చేరితే మాకు ఒక రింగు. బావ రాత్రి పదిన్నరకు ఒక రింగు ఇస్తే మంచిగున్నాడని. శుక్రవారం రెండు రింగులొస్తే కార్డు కొన్నాడని, ఫోను దగ్గరే ఉండమని.

ఆ పదిన్నరకు అక్క బీడీలు చేస్తూ ఉండేది. వెయ్యి పూర్తయితే గానీ లేవదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, పక్కన ఫోను. రింగు మోగి ఆగగానే, చేతులు ఆపకుండా, ఫోను వైపైనా చూడకుండా, చిన్నగా తల ఊపేది. సముద్రం అవతల ఆయనకు కనపడుతుందన్నట్టు. ఒకసారి మరిది తొందరపడి ఫోను ఎత్తాడు. బావకు పైసలు కట్. వచ్చే శుక్రవారం కార్డులో సగం ఆ పంచాయితీకే అయిపోయింది.

ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఈ మిస్డ్ కాల్‌ను బీపింగ్ అంటారు. జొనాథన్ డానర్ అనే పరిశోధకుడు రువాండా వెళ్లి గమనించి 2007లో దీని నియమాలు రాశాడు. అందులో ఒకటి: డబ్బున్నవాడే తిరిగి చెయ్యాలి. కోరుట్లలోనూ అదే చట్టం. దుబాయిలో ఉన్నవాడంటే డబ్బున్నవాడేనని లెక్క, వీసాకు తెచ్చిన అప్పు సంగతి ఆ లెక్కలోకి రాదు.

2016లో జియో వచ్చింది, మిస్డ్ కాల్ పోయింది. అక్కాబావలిప్పుడు ఐఎమ్ఓ యాప్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. మధ్యమధ్య కొట్లాడుకుంటారు కూడా. ఒక్క రింగుతో కొట్లాడటం కుదిరేది కాదు మరి.

బాపు చెవులు మాత్రం పూర్తిగా పోయాయి. ఫోను చెవికి ఆనిస్తే ఆయనకు ఇప్పటికీ సాంచాల మోతే వినపడుతుందట. అందుకని అక్క వీడియో కాల్ చేస్తుంది. ఇద్దరూ సౌండు తీసేస్తారు. అవ్వకు ఇది నచ్చదు, ఆమెకు సగమే అర్థమవుతుంది.

మొన్న ఆదివారం అక్క అత్తింటి ముచ్చట్లు మొదలుపెట్టింది. పెదాలు చకచకా కదులుతున్నాయి, చేతులు ఇంకా జోరుగా. వాళ్ల మామ నడక ఎలా ఉంటుందో భుజాలు ఎగరేసి చూపిస్తోంది. బాపు ఒక్కసారిగా నవ్వు ఆపి, పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పాడు. అక్క చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఆమె వెనక, తలుపులో, మామ.